మా క్లబ్బులో తూటాలు నింపే మొదటి ప్రెస్సు

కరోనా రావడానికి ముందు ఏడు, కొత్తపేటకీ రావులపాలేనికీ మధ్య కాలవ గట్టు పక్కనున్న ఒక రైఫిల్ క్లబ్బులో నేను స్టోర్ ఇన్‌చార్జిగా చేరాను. ఆరేళ్లు చేసి, పోయిన ఏడు అమలాపురంలో లైబ్రేరియన్ ఉద్యోగం దొరకడంతో మానేశాను. రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు గాని, ఆ వృత్తి నుంచి మాత్రం పూర్తిగా తప్పుకున్నట్టే. ఆ ఆరేళ్లలో నా చేతి మీదుగా జరిగిన ఒక పని గురించి రాస్తున్నాను. చేరిన మూడో ఏడు, జూలై మొదటి వారంలో కమిటీ దాన్ని నాకు అప్పగించింది. కాల్చేసిన తూటాలను తిరిగి నింపుకోవడానికి క్లబ్బు మొట్టమొదటిసారి ఒక ప్రెస్సు తీసుకోవాలి. ఏ రకం తీసుకోవాలో చదివి, కనుక్కుని, ఒక నోటు రాసి పెట్టాలి.

మా క్లబ్బులో తుపాకులు ఆర్మరర్ అధీనంలోనూ తూటాలు స్టోరు అధీనంలోనూ ఉండేవి. ఒక గది తాళం రెండో మనిషి దగ్గర ఉండకూడదన్నది మొదటి నియమం. ఆర్మరర్ అంటే తుపాకులను విప్పి, శుభ్రం చేసి, బాగుచేసే ఉద్యోగి. మా ఆర్మరర్ ధర్మారావుగారు పోలీసు శాఖలో ఆర్మ్‌డ్ రిజర్వు హెడ్ కానిస్టేబుల్‌గా అదే పని చేసి రిటైరై వచ్చినవారు. కాల్పులు జరిగేటప్పుడు రేంజ్ ఆఫీసరు బాధ్యత కూడా ఆయనదే. నా పని, వచ్చిన ప్రతి పెట్టెనూ చూసి బీరువాలో పెట్టడం, సభ్యులకు ఎన్ని తూటాలు ఇచ్చానో, ఎన్ని ఖాళీ తొడుగులు తిరిగి వచ్చాయో రిజిస్టరులో రాయడం. మాట్లాడాల్సిన అవసరం తక్కువ కాబట్టే ఆ ఉద్యోగం నాకు సరిపోయింది. కిటికీలోంచి పెట్టె అందించి సంతకం తీసుకుంటే చాలు. మిగిలిన సమయంలో చదువుకోవచ్చు. అరల్లో ఎవరూ ముట్టని మాన్యువళ్లు బోలెడు ఉండేవి. తెచ్చుకున్న నవలలు అయిపోయాక వాటినీ చదివేశాను.

మా సభ్యుల్లో ఎక్కువమంది ఆడేది ట్రాప్. సాసరంత బిళ్లను ఒక యంత్రం గాలిలోకి విసురుతుంది. పన్నెండు బోరు తుపాకీతో దాన్ని పగలగొట్టాలి. ఆ బిళ్లను పక్షి అంటారు. రౌండుకి ఇరవై ఐదు పక్షులు, పెట్టెకి ఇరవై ఐదు తూటాలు. ఆ ఏడు తూటాల సరఫరా నెలల తరబడి నిలిచిపోయింది. ఉన్న నిల్వను వారానికి మనిషికి ఒక్క పెట్టె చొప్పున ఇవ్వమని కమిటీ చెప్పింది.

దాని దెబ్బ అందరికంటే భవానికి ఎక్కువ తగిలింది. భవానికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. తండ్రి రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారి. లారీల మధ్యలోంచి స్కూటీ నడుపుకుంటూ పొద్దున్నే రేంజికి వచ్చేసేది. అంతకుముందు ఏడు రాష్ట్రస్థాయి సెలక్షన్లలో రెండు పక్షుల తేడాతో అర్హత పోగొట్టుకుంది. మళ్లీ సెలక్షన్లు సెప్టెంబరులో. ఈసారి కూడా రాకపోతే తుపాకీ మూలన పెట్టి మార్కెట్లో కూర్చోవాలని తండ్రికి మాటిచ్చింది.

“వారానికి ఒక్క పెట్టెతో ఏం నేర్చుకోనక్కా? చెయ్యి వేడెక్కేసరికి పెట్టె ఖాళీ అయిపోతంది,” అనేది కిటికీ చువ్వలు పట్టుకుని. “నువ్వు లోపల నవల చదువుకుంటా కూచుంటావు. నీకేం తెలుస్తాది నా బాధ.”

నాకు తెలుసు. కాకపోతే తెలుసని చెప్పడం నాకు రాదు.

క్లబ్బు ప్రభుత్వ అధికారులకు దరఖాస్తు పెట్టుకుని, ఖాళీ తొడుగులను మా ఆవరణలోనే నింపి అక్కడే కాల్చడానికి అనుమతి తెచ్చుకుంది. అనుమతి లేకుండా ఎవరూ ఇంట్లో చేయకూడని పని ఇది. తూటా అంటే అయిదు వస్తువులు: ప్లాస్టిక్ తొడుగు, దాని అడుగున దెబ్బ తగలగానే మండే ప్రైమరు, ఆ పైన మందు, మందు మీద చిన్న గిన్నెలా కుదురుకునే వ్యాడ్, ఆ గిన్నెలో సీసపు రవ్వలు. చివర తొడుగు మూతిని పూరేకుల్లా లోపలికి మడుస్తారు. కాల్చాక మిగిలేది తొడుగు ఒక్కటే. దానికి పాత ప్రైమరు తీసి కొత్తది పెట్టి, తక్కిన మూడూ వరసగా పోసి, మూతి మడిచేదే రీలోడింగ్ ప్రెస్సు.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. సింగిల్ స్టేజ్ ప్రెస్సులో ఒక మీట లాగుడుకి ఒకే పని అవుతుంది. కావాలంటే పెట్టెడు తొడుగులకూ ముందు ప్రైమర్లు పెట్టేసి పళ్లెంలో నిలబెట్టుకోవచ్చు, తర్వాత అన్నిటికీ మందు పోసుకోవచ్చు. నెమ్మది. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో తొడుగులన్నీ ఒక చక్రం మీద గుండ్రంగా నిలబడి ఉంటాయి. ఒక్క లాగుడుకి ఒకదానికి ప్రైమరు, పక్కదానికి మందు, ఆ పక్కదానికి రవ్వలు, అన్నీ ఒకేసారి జరిగిపోతాయి. లాగినప్పుడల్లా ఒక తయారైన తూటా కింద పడుతుంది. చాలా వేగం. కాని ఒక తొడుగులో మందు పడకపోతే, మరుక్షణమే దాని మీద వ్యాడ్ కూర్చుంటుంది. ఆ తర్వాత బయటనుంచి చూసి తెలుసుకునే దారి లేదు.

తూకం వేస్తే తెలియదా అని నన్ను చాలామంది అడిగారు. తెలియదు. మందు బరువు చాలా తక్కువ. తొడుగుకీ తొడుగుకీ, రవ్వలకీ రవ్వలకీ ఉండే తేడాలో అది కలిసిపోతుంది.

నేను పదకొండు పేజీల నోటు రాశాను. రెండు రకాల గుణదోషాలూ రాశాను. గోదావరి జిల్లా వానాకాలపు తేమలో మందు ముద్ద కట్టే అవకాశం గురించి కూడా ఒక పేరా రాశాను. ఆఖరున ‘సిఫార్సు’ అని శీర్షిక పెట్టి, దాని కింద ‘కమిటీ నిర్ణయానుసారం’ అని రాసి ఊరుకున్నాను. డైరీలో మాత్రం అదే రోజు ఇలా రాసుకున్నాను: ‘సింగిల్ స్టేజే తీసుకోవాలి. మా ఎవరికీ ఇంతకుముందు అనుభవం లేదు. నేర్చుకునేవాళ్లకి ప్రతి అడుగూ కళ్లకి కనపడాలి. రేపు చెప్పాలి.’

మర్నాడు కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటుగారిని మేమంతా రాజుగారనే పిలిచేవాళ్లం. అప్పనపల్లి వైపు కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్న మనిషి. క్లబ్బు స్థలం ఆయన తండ్రి ఇచ్చిందే. చెయ్యీ మనసూ పెద్దవి. గొంతు ఇంకా పెద్దది.

“ట్రాక్టరు కొందామని వెళ్లినోడు ఎడ్లబండి గురించి వాకబు చేస్తాడా?” అన్నారు నోటు తిరగేస్తూ. “ఎలాగూ తీసుకుంటన్నాం, గంటకి పెట్టెలకి పెట్టెలు దింపేదే తీసుకుందాం. భవానికి రోజూ చేతినిండా తూటాలుండాలి. ఏవమ్మా కామేశ్వరీ, చాలా బాగా రాసేవు. పెద్దదే కదా మంచిది?”

“ఆయ్,” అన్నాను.

ధర్మారావుగారు నా వైపు ఒకసారి చూసి, “ముందు వారం రోజులు తెప్పించి చూద్దావండి, రాజుగారండీ. నచ్చితేనే ఉంచుకుందాం,” అన్నారు. ఆ ఒక్క మాట వల్ల ప్రెస్సు కొనుగోలు కాకుండా పరీక్ష మీద వచ్చింది.

తొలి ఏకాదశి నాడు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి డీలరు తాలూకు మనిషి జొన్నాడ వంతెన దాటి వ్యానులో ప్రెస్సు తీసుకొచ్చాడు. స్టోరు పక్క గదిలో బల్లకు బిగించాడు. పైన రెండు ప్లాస్టిక్ బుడ్లు తలకిందులుగా ఉంటాయి. ఒకటి మందుకి, ఒకటి రవ్వలకి. నేను ఇంకా మందు బయటికి తియ్యలేదు. బుడ్లు మూతలు లేకుండా బల్ల మీద ఉన్నాయి.

రాజుగారు కొత్త మోటారుకి చేసినట్టే దీనికీ చేయించారు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. హారతి మాత్రం గుమ్మం అవతలే అని ధర్మారావుగారు గట్టిగా చెప్పారు కాబట్టి నిప్పు లోపలికి రాలేదు. కొబ్బరికాయ గురించి ఎవరికీ ఏమీ తోచలేదు. తోచడానికి మాకు అదొక విషయం కూడా కాదు. రాజుగారు బల్ల అంచుకే కాయ కొట్టి, చిప్పలో నీళ్లు మూడుసార్లు ప్రెస్సు మీద చిలకరించారు. ఆ తర్వాత ధర్మారావుగారు పక్షులు విసిరే యంత్రం చూసుకోవడానికి కాల్పుల లైను దగ్గరికి వెళ్లిపోయారు. డీలరు మనిషి బుడ్లు పైపైన తుడిచాడు. నేను మందు పోసి, బుడ్డిని ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టి బరువు రాసుకుని, ఇచ్చాను. స్టోరులోంచి మందు వెళ్లేటప్పుడు ఒక తూకం, తిరిగి వచ్చినప్పుడు ఒక తూకం వెయ్యాలన్నది నేను పెట్టుకున్న పద్ధతి.

నింపేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు మీట లాగాలి, రెండోవారు మందు పోసే చోట ప్రతి తొడుగులోకీ తొంగి చూసి పడిందని చెప్పాలి. మాన్యువల్లో అది నల్లటి పెద్ద అక్షరాల్లో ఉంది. చూసే పని నాది. మొదటి నాలుగూ డీలరు మనిషి లాగాడు. అయిదో దాని నుంచి రాజుగారు తీసుకున్నారు.

“పడిందా అమ్మా?”

“ఆయ్.”

“పడిందా?”

“ఆయ్.”

ఆయన నిలబడ్డ తీరులో కుడి భుజం సరిగ్గా మందు పడే చోటుకి అడ్డం వచ్చింది. తొడుగు లోపల కనపడాలంటే ఆయన్ని ఒక అడుగు జరగమనాలి. మా వైపు పెద్దవాళ్లు అడిగితే ముందు ఆయ్ అనేస్తాం, చూసేది తర్వాత. తర్వాతదానికి తర్వాతది వచ్చేస్తోంది. జరగమని అనడం కంటే ఆయ్ అనడం తేలిక. ఇరవై ఒక్కసార్లు అన్నాను. ఎన్నిటిలోకి నిజంగా చూశానో ఇప్పుడు అడిగితే, నాలుగింటిలోకి. డీలరు మనిషి లాగిన నాలుగూ అవి.

ఇరవై ఐదూ అయ్యాయి. పద్ధతి ప్రకారం పెట్టె స్టోరుకి రావాలి. ముందు ధర్మారావుగారు కొన్ని పరీక్షగా కాల్చి సరేనన్నాకే ఎవరికైనా ఇవ్వాలి. రాజుగారి ఉత్సాహానికి అంత ఓపిక లేదు. “మంచిరోజు. మొదటి పెట్టె మా భవానిది,” అని పెట్టె పట్టుకుని నేరుగా లైను దగ్గరికి నడిచారు. పదిమంది సభ్యులు ఆయన వెనకాల వెళ్లారు. అది ఇప్పుడే నింపిన పెట్టె అని లైను దగ్గర ధర్మారావుగారికి ఎవరూ చెప్పలేదని తర్వాత తెలిసింది. నేను మందు బుడ్డి తీసుకుని స్టోరులోకి వచ్చాను.

బుడ్డి తక్కెడ మీద పెట్టాను. ఉండాల్సిన దానికంటే బరువు ఎక్కువుంది.

తక్కువుంటే ఒలికిందనుకోవచ్చు. తొలిరోజు అది మామూలే. ఎక్కువుంటే మాత్రం ఒక్కటే అర్థం. వెళ్లాల్సిన మందు వెళ్లలేదు. రెండోసారి తూచాను, మూడోసారి తూచాను. మిగులు దాదాపు సరిగ్గా ఒక తూటాకి పోసేంత. బుడ్డి మెడలో వేలు పెట్టి తడిమితే లోపలి అంచుకి ఒక చిన్న ముద్ద అతుక్కుని ఉంది. వేళ్ల మధ్య నలిపితే జిగురుగా తగిలింది. కొబ్బరినీళ్లు. తుడిచిన గుడ్డ మెడ లోపలికి వెళ్లలేదు. ఆ ముద్ద ఒకసారి దారి మూసేసింది, తర్వాత మీట కుదుపుకి పక్కకి తప్పుకుంది.

మందు లేని తూటా కాల్చితే ఏమవుతుందో నేను చదివి ఉన్నాను. ఒక్క ప్రైమరు బలం మీద వ్యాడ్ గొట్టంలోకి కొంతదూరం వెళ్లి ఇరుక్కుంటుంది. చప్పుడు నీరసంగా వస్తుంది. కాల్చినవాళ్లు అది గమనించక రెండో తూటా పేల్చితే, గొట్టం పగిలిపోవచ్చు. గొట్టం కింద ఎడంచెయ్యి ఉంటుంది.

బయట మొదటి చప్పుడు వినిపించింది. నిండైన చప్పుడే.

స్టోరు నుంచి లైనుకి యాభై అడుగులుంటుంది. రేంజిలో ఒక నియమం ఉంది. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా, వంట మనిషైనా, చూడ్డానికి వచ్చినవాళ్లైనా సరే, స్టాప్ అని అరవచ్చు. అరుపు వినగానే తుపాకులన్నీ తెరవాలి, కారణం తర్వాత అడగాలి. ఆ నియమాన్ని తెలుగులో టైపు చేసి గోడలకి అంటించింది నేనే. అరవాల్సిన మనిషిని నేనే అవుతానని మాత్రం అనుకోలేదు. తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తాను. స్టోరు తెరిచి ఉంచి బయటికి రావడం నా ఉద్యోగంలో అదొక్కసారే. రెండో చప్పుడు వచ్చింది, మూడోదీ వచ్చింది. అరిచాను. గొంతు రాలేదు. భవాని నాలుగో తూటా పెట్టి తుపాకీ మూస్తోంది.

రెండోసారి అరిచాను. ఈసారి కాలవ అవతల గట్టు మీద కొంగలు లేచాయని తర్వాత భవాని అందరికీ చెప్పేది. అది నిజమో కాదో నాకు తెలియదు. ధర్మారావుగారి చెయ్యి పైకి లేచింది. భవాని తుపాకీ తెరిచి, గొట్టం ముందుకే ఉంచి, అడుగు వెనక్కి వేసింది.

“ఏవమ్మా, ఏం కొంప మునిగింది?” అన్నారు రాజుగారు.

“బుడ్డిలో మందు ఎక్కువుందండి.”

“ఎక్కువుంటే మంచిదేగా. మిగిలిందన్నమాట.” వెనక ఎవరో నవ్వారు.

“మిగలడం కాదండి, రాజుగారండీ,” అన్నారు ధర్మారావుగారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. “ఎందులోనో పడలేదండి.”

“పడకపోడవేంటి? ఈ అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. ప్రతిదానికీ ఆయ్ అంది. అన్నావా లేదా, చెప్పు.”

అందరూ నన్నే చూస్తున్నారు. అప్పటికి ఆ క్లబ్బులో నాకు మూడో ఏడు నడుస్తోంది. అంతమంది ఒకేసారి నా ముఖం చూడటం అదే మొదలు.

“అన్నానండి. చూడలేదండి,” అన్నాను.

ముందు కదిలింది భవానే. తుపాకీలోంచి తూటా తీసింది, చొక్కా జేబులోంచి ఇంకో నాలుగు తీసి నా చేతిలో పోసింది.

“తీసుకో అక్కా. ఆ మూడూ ఎలాగూ తప్పేసేను. మందున్నోటితోనే తగలనిది, లేనోటితో ఏం తగుల్తాది?”

నవ్వు వచ్చింది కాని, నా చేతిలోని తూటాలను చూశాక ఎవరూ పెద్దగా నవ్వలేదు.

మూడు కాల్చినవి పోను ఇరవై రెండు. వాటిలో ఏది ఖాళీదో చెప్పే దారి లేదు కాబట్టి అన్నీ విప్పాలి. వరండాలో వెడల్పాటి పళ్లెం పెట్టి, ధర్మారావుగారు ఒక్కొక్క తూటా మూతి రేకులు బ్లేడుతో విప్పారు. రవ్వలు ఒక గిన్నెలోకి, వ్యాడ్ ఒక పక్కకి, మందు ఒక కాగితం మీదికి. నేను పక్కనే కూర్చుని రాసుకున్నాను. డీలరు మనిషి చెమటలు తుడుచుకుంటూ, “హైదరాబాద్‌ల ఎన్నడు గిట్ల కాలే సార్. మిషన్‌ల తప్పు లేదు,” అని రెండు మూడుసార్లు అన్నాడు. అతను అన్నది నిజమే. మిషన్‌లో తప్పు లేదు.

పదమూడోది విప్పినప్పుడు రవ్వలు పడ్డాయి, వ్యాడ్ వచ్చింది, దాని కింద ఏమీ లేదు. కొత్త ప్రైమరు మాత్రం రాగి రంగులో మెరుస్తూ కనపడింది. ధర్మారావుగారు ఆ తొడుగుని ఎవరి చేతికీ ఇవ్వకుండా తిన్నగా రాజుగారి ముందు పెట్టారు. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. భవాని ఎడంచేతి వైపు కూడా ఒకసారి చూశారు.

“నా భుజం అడ్డొచ్చిందా?” అని అడిగారు నన్ను. గొంతు మామూలు మనుషుల గొంతులా ఉంది.

“ఆయ్,” అన్నాను. ఆ రోజు రాజుగారికి చూసి చెప్పిన ఆయ్ అదొక్కటే.

“మరి జరగమనొచ్చుగా తల్లీ. నేనేమన్నా కొబ్బరిచెట్టునా, జరగలేకపోడానికి?”

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున్న ఇంట్లో నోటు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా నాన్నగారు వేదం చెబుతారు. ఆ వేళకి అరుగు మీద విద్యార్థులకి సంత నడుస్తోంది. సంత అంటే గురువు ఒక్కసారి చెప్పింది శిష్యులు రెండుసార్లు తిరిగి చెప్పడం. అక్షరం గాని స్వరం గాని తప్పితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎవరో చెప్పడం మానేసి తలూపినట్టున్నారు. “తలూపితే నాకేం తెలుస్తుంది? నోటితో చెప్పు,” అన్నారు నాన్నగారు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే. నేను కలం మూత తీశాను.

నోటులో రెండు మార్పులు చేశాను. సిఫార్సు కింద ‘కమిటీ నిర్ణయానుసారం’ కొట్టేసి, ‘సింగిల్ స్టేజ్ ప్రెస్సు తీసుకోవాలి. క్లబ్బులో అందరూ కొత్తవారే. ఒక్కసారికి ఒక్క పని జరిగే యంత్రం మీదే నేర్చుకోవాలి’ అని రాసి సంతకం పెట్టాను. దాని కింద పని పద్ధతి అని కొత్తగా ఒక పేజీ చేర్చాను. మందు పోసేటప్పుడు చూసే మనిషి అవుననీ ఆయ్ అనీ అనకూడదు. తొడుగు సంఖ్య, లోపల కనపడిన మందు మట్టం, రెండూ పైకి చెప్పాలి. లాగే మనిషి అదే మాట తిరిగి చెప్పాకే తర్వాతది. ఇరవై ఐదూ అయ్యాక, వ్యాడ్ పెట్టకముందు, పళ్లెం మీద టార్చి వేసి అన్నిటి మట్టాలూ ఒకసారి చూడాలి. బుడ్డి తూకం సరిపోలితేనే పెట్టెకి స్టోరు ముద్ర. పూజ చేస్తే బుడ్లు బీరువాలో ఉండాలి.

కమిటీలో రాజుగారు ఆ పేజీని పైకి చదివించారు, నా చేతే. అయ్యాక, “ఇందులో ప్రెసిడెంటుకి మినహాయింపు లేదా?” అన్నారు.

“లేదండి,” అన్నాను.

“చూసేరా, నిన్నటి నుంచీ నోరొచ్చింది,” అని ఆయనే సంతకం పెట్టారు. ప్రోగ్రెసివ్ ప్రెస్సు వచ్చిన వ్యానులోనే వెనక్కి వెళ్లిపోయింది.

ఆగస్టు మొదట్లో సింగిల్ స్టేజ్ వచ్చింది. చూడటానికి చెరుకురసం బండి మీట కంటే గొప్పగా ఉండదు. మొదటి వారం రోజుకి రెండు పెట్టెలు కూడా పూర్తయ్యేవి కావు. మందు ఎందాకా ఉండాలో తొడుగుల లోపల ముందే గీత పెట్టుకున్నాం. రాజుగారు లాగేవారు, నేను చూసేదాన్ని. “ఏడు, గీత దాకా,” అనేదాన్ని. “ఏడు, గీత దాకా,” అనేవారు ఆయన. వరండాలో పేపరు చదువుకునే సభ్యులు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. మూడో వారానికి రోజుకి నాలుగు పెట్టెలకి వచ్చాం. ధర్మారావుగారు ప్రతి పెట్టెలోంచీ రెండు పరీక్షగా కాల్చేవారు. ఒక్కటి కూడా నీరసంగా పేలలేదు. తక్కినవి భవానికి వెళ్లేవి. వాన తెరిపిచ్చిన ప్రతి గంటా ఆమె లైను మీదే ఉండేది. నా గదిలోకి వినపడే చప్పుళ్లను లెక్కపెడుతూ నవలలో పేజీ పోగొట్టుకునేదాన్ని.

పోటీలో నింపిన తూటాలు వాడనివ్వరు, కంపెనీవే వాడాలి. ఆ కొద్దిపాటి నిల్వను ఆమె కోసమే బీరువాలో అట్టేపెట్టాను. సెప్టెంబరు సెలక్షన్లలో భవాని అర్హత స్కోరుకి మూడు పక్షులు ఎక్కువ కొట్టింది. ఫోను నాకు చెయ్యలేదు, ముందు వాళ్ల నాన్నకి చేసింది. వాళ్ల నాన్న మర్నాడు ఒక చక్రకేళీ గెల తెచ్చి స్టోరు కిటికీ ముందు పెట్టి వెళ్లారు. స్టోరులో తినే వస్తువులు ఉంచకూడదు. ధర్మారావుగారి వరండాలో వేలాడదీశాం.

ఇప్పుడు ఆ క్లబ్బులో కొత్తవాళ్లకి ప్రెస్సు మీద పని నేర్పేది భవానే. మొన్న అటువైపు వెళ్లినప్పుడు చూశాను. గోడ మీద నా పేజీ అలాగే ఉంది. రెండో ప్రెస్సు కొనే ఆలోచనలో ఉన్నారట, ఈసారి ప్రోగ్రెసివే. అది తప్పు నిర్ణయం కాదు. నాలుగేళ్లుగా ఒక్కో పనీ విడివిడిగా చేసి చూసినవాళ్లకి ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలుసు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ ప్రెస్సు తీసుకోవాలని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. ముందు అనుమతి తీసుకోమని చెబుతాను. తర్వాత, ఎంత వేగంగా నింపుతుందని కాక, ఏ అడుగులో తప్పు జరిగితే మీకు ఏ అడుగులో కనపడుతుందో అడిగి కొనమంటాను. పక్కన నిలబడి చూసే మనిషి చూసింది పైకి చెప్పకపోతే, అక్కడ మనిషి లేనట్టే లెక్క. ఆ రోజు మందు పడనిది ఒక్క తొడుగులోనే. చూడకుండా అన్న ఆయ్‌లు మాత్రం ఇరవై ఒకటి. మరమ్మతు అవసరమైంది వాటికి.